సమాన చిహ్నానికి ఒక పాఠం కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థలలో గణిత పాఠ్యపుస్తకాలను రూపొందించే రచనా సంఘాల సభ్యులకు రాస్తున్న బహిరంగ లేఖ ఇది.

బడిలో చేరిన పిల్లలకు తొలి ఏడాదిలో పరిచయమయ్యే గణిత చిహ్నాలు ముఖ్యంగా మూడు: కూడిక గుర్తు, తీసివేత గుర్తు, సమాన చిహ్నం. మొదటి రెండింటినీ పూసలతో, పుల్లలతో, బొమ్మలతో ఓపికగా నేర్పుతారు. కలపడం అంటే ఏమిటో, తీసివేయడం అంటే ఏమిటో పిల్లలు చేతులతో చేసి చూశాకే ఆ గుర్తులు వారి పలక మీదికి వస్తాయి. మూడవదానికి సాధారణంగా అటువంటి పాఠం ఉండదు. కూడిక వెంట అది ఎవరూ పరిచయం చేయకుండానే వచ్చి, 3 + 4 అన్న వరుస చివర, ఖాళీ గడికి ముందు నిలబడుతుంది. పై తరగతుల్లో దాదాపు ప్రతి పంక్తిలోనూ కనిపించే ఈ గుర్తుకు అర్థం ఏమిటో పిల్లలు తమంతట తామే ఊహించుకోవలసి వస్తోంది. ఆ ఊహ తరచుగా తప్పుతోంది. ఆ తప్పు ఐదారేళ్లు కనిపించకుండా ఉండి బీజగణితం మొదలయ్యేసరికి బయటపడుతోంది. సంఘాల దృష్టికి ప్రధానంగా తేదలచిన విషయం ఇదే.

సమాన చిహ్నం ఒక సంబంధాన్ని తెలిపే గుర్తు. దానికి ఎడమన ఉన్నదీ కుడిన ఉన్నదీ ఒకే విలువకు రెండు రూపాలని అది చెబుతుంది; కాబట్టి ఆ గుర్తు ఉన్న ప్రతి వరుసా ఒక వాక్యం, నిజమో అబద్ధమో తేల్చదగిన వాక్యం. 3 + 4 = 7 నిజమైన వాక్యం, 3 + 4 = 8 అబద్ధమైన వాక్యం. అయితే పిల్లలు చేసే వందలాది లెక్కల్లో చేయవలసిన పని ఎప్పుడూ ఎడమవైపు, జవాబు ఎప్పుడూ కుడివైపు ఉంటే, ఆ గుర్తుకు ‘ఇక జవాబు రాయి’ అన్న అర్థం తప్ప మరొకటి స్ఫురించే అవకాశం లేదు. ఆ గుర్తున్న మీట నొక్కగానే జవాబు చూపే క్యాలిక్యులేటర్ కూడా ఆ అర్థాన్నే స్థిరపరుస్తుంది. అలా అలవాటుపడిన పిల్లలు 7 = 3 + 4 అని రాసి చూపితే వరుస తిరగబడిందంటారు; 5 = 5 అని రాస్తే ఇందులో లెక్క ఏదని అడుగుతారు. 1970వ దశకంలో గణిత విద్యా పరిశోధకుడు మెర్లిన్ బేర్, ఆయన సహచరులు అమెరికా పిల్లలతో మాట్లాడినప్పుడు ఇటువంటి స్పందనలే ఎదురయ్యాయి.

ఆ దేశంలోనే ఫాక్‌నర్, లెవి, కార్పెంటర్ 1999లో ప్రచురించిన వ్యాసంలోని ఒక ఫలితాన్ని పాఠ్యపుస్తక రచయితలందరూ తెలుసుకోవడం అవసరం. ప్రాథమిక పాఠశాల పిల్లలకు వారు ఇచ్చిన లెక్క ఇది: 8 + 4 = □ + 5. గడిలో 7 ఉండాలి. ఆరవ తరగతి చదువుతున్న 145 మందిలో ఆ జవాబు రాసినవారు ఒక్కరూ లేరు. అత్యధికులు 12 అనీ, మరికొందరు 17 అనీ రాశారు. 12 రాసినవారు సమాన చిహ్నం కనబడగానే దానికి ముందున్న కూడిక ఫలితాన్ని రాసి తర్వాతి 5ను వదిలేశారు. 17 రాసినవారు కనిపించిన అంకెలన్నింటినీ కలిపేశారు. ఈ రెండు జవాబుల్లోనూ కూడిక తప్పలేదు. ఆరేళ్లపాటు కూడికలు చేసి, కూడికల్లో ఆరితేరిన పిల్లలు ఒక గుర్తు ఏమి చెబుతోందో తెలియక ఆగిపోయారు. దీన్ని బుద్ధిమాంద్యంగా చూడటం అన్యాయం. కళ్ల ముందు ఉన్న ఉదాహరణలను బట్టి రాదగిన నిర్ణయానికే వారు వచ్చారు, ఉదాహరణలే ఒకే మూసలో ఉన్నాయి. చైనా పాఠ్యపుస్తకాలు మొదటి తరగతిలోనే సమాన చిహ్నాన్ని ‘ఎక్కువ’, ‘తక్కువ’ గుర్తులతో పాటు, రెండు గుంపులను పోల్చే సందర్భంలో పరిచయం చేస్తాయి. ఆ గుర్తును అక్కడి పిల్లలు సరిగా గ్రహించడానికి ఈ పద్ధతి ఒక కారణమని రెండు దేశాల పుస్తకాలను పోల్చిన పరిశోధకులు భావించారు.

తెలుగు పిల్లల నోటుపుస్తకాల్లో ఈ అపోహ కనిపించే చోటు ఒకటి ఉంది. కిలో 60 రూపాయల చొప్పున 5 కిలోల బియ్యం, కిలో 40 రూపాయల చొప్పున 2 కిలోల చక్కెర కొంటే మొత్తం ఎంత అన్న లెక్కను చాలామంది 5 × 60 = 300 + 80 = 380 అని ఒకే వరుసలో చేస్తారు. జవాబు సరైనదే కాబట్టి ఎర్ర సిరాతో సరి అన్న గుర్తు పడుతుంది. కాని ఆ వరుసను వాక్యంగా చదివితే 300, 380 సమానమని అది చెబుతోంది. ఆ పిల్లవాడి మనసులో సమాన చిహ్నానికి ‘ఆ తర్వాత’ అన్న అర్థమే ఉంది. అంకగణితంలో దానివల్ల నష్టం కనబడదు; బీజగణితంలో, ఎక్కడైతే ఒక పంక్తి నుంచి తర్వాతి పంక్తికి సత్యం చెడకుండా వెళ్లడమే అసలు పనో, అక్కడ అది దారి మూసేస్తుంది.

చిహ్నం లేకపోతే గణితమే లేదన్న భావన కూడా ఈ చిక్కుకు కొంత కారణం. తొమ్మిదవ శతాబ్ది తొలి భాగంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ సమీకరణాల మీద రాసిన గ్రంథంలో ఒక్క చిహ్నమైనా లేదు. తెలియని రాశి, దాని వర్గం, రెండు పక్షాలను సరిచేసే పద్ధతి, అన్నీ పూర్తి వాక్యాల్లోనే ఉంటాయి. సమాన చిహ్నం ఆ తర్వాత ఏడు వందల ఏళ్లకు గాని పుట్టలేదు. వేల్స్ దేశానికి చెందిన వైద్యుడు, గణితవేత్త రాబర్ట్ రికార్డ్ 1557లో వెలువరించిన ‘వెట్‌స్టోన్ ఆఫ్ విట్’ అనే పుస్తకంలో, ‘దీనికి అది సమానం’ అన్న మాటలను పదేపదే రాసే శ్రమ తప్పించుకోవడానికి రెండు సమాంతర రేఖలను వాడుతున్నట్టు చెప్పి, ఏ రెండు వస్తువులూ వాటికంటే ఎక్కువ సమానంగా ఉండలేవన్న కారణం చూపాడు. ఆ గుర్తు వెంటనే నిలదొక్కుకోలేదు. దాదాపు అరవై ఏళ్లు ముద్రణలో కనబడలేదు. 1631లో గణితవేత్తలు హారియట్, ఆట్రెడ్‌ల పుస్తకాలు దానికి బలమిచ్చినా, 1637లో దెకార్త్ తన ‘జ్యామితి’లో సమానత్వానికి వేరే గుర్తునే వాడాడు. అంటే గణితవేత్తలకు అర్థం ముందుగా తెలుసు, తెలిసిన అర్థానికి సంక్షిప్త రూపంగా గుర్తు తర్వాత వచ్చింది. బడిలో ఈ క్రమం తలకిందులై, గుర్తు ముందు వచ్చి అర్థం ఎప్పటికో వస్తే, లేదా ఎప్పటికీ రాకపోతే, అది పిల్లల చదువులో ఒక పెద్ద లోటు.

ఆ లోటు స్పష్టంగా కనిపించేది పక్షాంతరం దగ్గర. సమీకరణంలో ఒక పదాన్ని ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చడాన్ని పక్షాంతరం అంటారు. 2x + 3 = 11 అన్న సమీకరణంలో 3ను అవతలికి తీసుకువెళితే అది −3 అవుతుందని, గుణించేది అవతలికి వెళ్లి భాగిస్తుందని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. నిజానికి అక్కడ ఏ అంకె కూడా ఎక్కడికీ వెళ్లదు. రెండు వైపులా ఉన్నది ఒకే విలువ కాబట్టి రెండింటి నుంచీ 3 తీసివేస్తే మిగిలేది కూడా సమానమే; అందువల్ల 2x = 8; రెండింటినీ 2తో భాగిస్తే x = 4. తక్కెడలో రెండు సిబ్బెల నుంచీ సమానమైన బరువు తీస్తే ముల్లు కదలదన్న పోలిక ఈ మెట్టుకు బాగా ఉపకరిస్తుంది, అయితే ఋణ సంఖ్యలు రాగానే ఆ పోలిక పనిచేయదని కూడా పుస్తకం చెప్పాలి. సమాన చిహ్నాన్ని సంబంధంగా ఎరిగిన విద్యార్థికి పక్షాంతరం ఒక సౌకర్యం, దీర్ఘమైన పనికి దగ్గర దారి. దాన్ని ఆజ్ఞగా ఎరిగినవారికి అది కారణం లేని మంత్రం. 2x = 8 నుంచి x = 8 − 2 అని రాసే విద్యార్థి ‘అవతలికి వెళితే గుర్తు మారుతుంది’ అన్న మంత్రాన్ని నమ్మకంగానే పాటిస్తున్నాడు.

ఒకే సమాన చిహ్నం వేర్వేరు ఉద్యోగాలు చేస్తుందన్న సంగతి కూడా పుస్తకాలలో విడమరచి ఉండాలి. (a + b)² = a² + 2ab + b² అన్నది సర్వసమీకరణం, అంటే a, b ఏ సంఖ్యలైనా నిజమయ్యే వాక్యం; 2x + 3 = 11 అన్నది సమీకరణం, అంటే x ఏ విలువ తీసుకుంటే నిజమవుతుందో వెతకమనే వాక్యం; దీర్ఘచతురస్ర వైశాల్యం A = lb అన్నది మూడు రాశులను ముడివేసే సూత్రం; y = 2x + 1 అన్నది x మారుతున్నకొద్దీ y ఎలా మారుతుందో తెలిపే ప్రమేయం. వీటన్నింటికీ గుర్తు ఒకటే గనుక తేడా చెప్పవలసింది చుట్టూ ఉన్న మాటలే. కంప్యూటరు ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థులకు మరో మెలిక ఎదురవుతుంది: సి వంటి భాషల్లో x = x + 1 అంటే x గడిలో ఉన్న విలువకు ఒకటి చేర్చి తిరిగి అదే గడిలో పెట్టమని నిజంగానే ఆజ్ఞ; గణితంలో అదే వరుసకు ఏ పరిష్కారమూ లేదు. ఆ భాషల్లో పోల్చడానికి రెండు సమాన చిహ్నాలను పక్కపక్కన రాస్తారు. ఎన్నో తెలుగు ఇళ్లలో పిల్లలు ఆ చదువు వైపే సాగుతున్నందున ఈ భేదాన్ని ఉన్నత పాఠశాల దశలోనే ఒక పేరాలో చెప్పడం మేలు.

అక్షరాల విషయంలో అపోహ మరింత లోతైనది. a అంటే ఆపిల్, b అంటే అరటిపండు, కాబట్టి 5a + 2b అంటే ఐదు ఆపిళ్లు, రెండు అరటిపళ్లు అని నేర్పడం తేలిక. పిల్లలు వెంటనే ఒప్పుకుంటారు కూడా. అయితే అక్కడ a వస్తువైపోయింది, సంఖ్య కాలేదు. ఆ పద్ధతిలో ab అంటే ఏమిటో, a² అంటే ఏమిటో చెప్పడం అసాధ్యం. బ్రిటన్‌లో డైట్మార్ కూషెమన్ 1970వ దశకం చివరలో ఈ పొరపాటును విశదంగా వివరించాడు. ఉన్నత విద్యలో కూడా అది విడవదని అమెరికాలో జాన్ క్లెమెంట్ బృందం చూపింది: ఒక విశ్వవిద్యాలయంలో ఆచార్యుల సంఖ్యకు ఆరు రెట్లు విద్యార్థులు ఉన్నారన్న మాటను S, P అనే అక్షరాలతో సమీకరణంగా రాయమన్నప్పుడు, ఇంజనీరింగు మొదటి సంవత్సరం విద్యార్థుల్లో మూడింట ఒక వంతుకు పైగా తప్పారు; వారిలో ఎక్కువమంది S = 6P అనవలసిన చోట 6S = P అని రాశారు. S అంటే ‘విద్యార్థి’ అనుకుంటే వారు రాసింది సబబుగానే కనిపిస్తుంది. S అంటే ‘విద్యార్థుల సంఖ్య’ అనుకుంటేనే తప్పు బయటపడుతుంది.

భారతీయ గణితంలో ఈ స్పష్టత పూర్వం నుంచే ఉంది. తెలియని రాశిని అవ్యక్తం అనేవారు. మొదటి అవ్యక్తానికి యావత్తావత్, అంటే ‘ఎంతో అంత’, అని పేరు పెట్టి దాన్ని ‘యా’ అని కుదించి రాసేవారు. ఇంకా తెలియని రాశులు ఉంటే కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు పెట్టి వాటి మొదటి అక్షరాలు వాడేవారు. రంగు పేరు ఏ వస్తువునూ సూచించదు గనుక అక్షరాన్ని వస్తువుగా పొరబడే ప్రమాదం తక్కువ. 1150లో రెండవ భాస్కరుడు రాసిన ‘బీజగణితం’లో సమీకరణపు రెండు పక్షాలనూ ఒకదాని కింద ఒకటి, ఒకే జాతి పదాలు ఎదురెదురుగా వచ్చేలా పేర్చే పద్ధతి కనిపిస్తుంది. ప్రాచీన గ్రంథాలను గర్వకారణంగా పేర్కొని వదిలివేయడం కంటే ఆ పేజీని ఎనిమిదవ తరగతి పిల్లల ముందు పెట్టి, నేటి రూపంలోకి మార్చమనడం ఎక్కువ ప్రయోజనకరం.

సమాన చిహ్నంలాగే తీసివేత గుర్తు కూడా వేర్వేరు పనులు చేస్తుంది; దానికి మూడు అర్థాలున్నాయి: 5 − 3లో అది ఒక పని, −3లో ఒక సంఖ్యలో భాగం, −aలో ‘a కు వ్యతిరేకం’. మూడవది తెలియని విద్యార్థి −a ఎప్పుడూ ఋణ సంఖ్యేనని నమ్ముతాడు. a విలువ −4 అయితే −a విలువ 4 అవుతుందంటే ఆశ్చర్యపోతాడు. వర్గమూలం, పరమమూల్యం వంటి పై పాఠాల్లో అతను చేసే తప్పులు చాలా వరకు ఇక్కడివే.

గుర్తే లేకుండా పక్కపక్కన రాయడానికి కూడా అర్థాలు మారుతుంటాయి. 34 అంటే ముప్పై, నాలుగు కలిసినది. 3½ అంటే మూడు, అర కలిసినది. 3a అంటే మాత్రం మూడును aతో గుణించినది. మొదటి రెండింటిలో దాగి ఉన్నది కూడిక, మూడవదానిలో గుణకారం. a = 4 అయినప్పుడు 3a విలువ 34 అని రాసే పిల్లవాడికి ఈ ఒప్పందాన్ని ఎవరూ చెప్పి ఉండరు. స్థానాన్ని బట్టి విలువ మారడం తెలుగువారి పాత లెక్కల్లోనూ ఉంది: పావు, వీసం, అంటే నాలుగో వంతు, పదహారో వంతు వంటి భిన్నాలకు తెలుగు లిపిలో ప్రత్యేకమైన గుర్తులుండేవి; పావులను నిలువు గీతలతో, వీసాలను అడ్డగీతలతో, అలా నాలుగో వంతులుగా దిగుతూ రాసేవారు. ఆ గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటు దక్కింది కాని పాఠ్యపుస్తకంలో ఇంకా దక్కవలసి ఉంది. పావు, అర, ముప్పావు అన్న మాటలు ఈనాటికీ అంగడిలో వినబడుతుండగా భిన్నాల పాఠం ఆ వాడుక నుంచి మొదలుకావడం సహజం.

అర్థం చెప్పకుండా వదిలేసే మరో చోటు సున్నాతో భాగహారం. దాని గురించి ప్రతి విద్యార్థికీ ‘నిర్వచితం కాదు’ అన్న ఒక్క మాట చెబుతారు. ఆ మాట వెనుక ఉన్న చరిత్ర నిజంగా గొప్పది. 628లో బ్రహ్మగుప్తుడు ధన, ఋణ సంఖ్యలకూ సున్నాకూ నియమాలు రాసినప్పుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు సున్నాతో భాగించిన సంఖ్య మారదన్నాడు. భాస్కరుడు దాన్ని అనంతమైన రాశిగా భావించాడు. ఈ ముగ్గురిలో మహావీరాచార్యుని ‘గణితసార సంగ్రహం’ తెలుగువారికి అతి దగ్గరిది, ఎందుకంటే పావులూరి మల్లన దాన్ని పద్యాల్లో తెలుగు చేశాడు. ముగ్గురు మహామేధావులు మూడు జవాబులు చెప్పిన ప్రశ్నను పిల్లల ముందు పెట్టి, భాగహారపు అర్థం నుంచి దాన్ని తేల్చమనడం కంటే మంచి పాఠం అరుదు. 6 ÷ 2 = 3 అనడంలో అర్థం 2 × 3 = 6 అనే. అదే అర్థాన్ని పట్టుకుంటే, 6 ÷ 0 కు జవాబు కావలసిన సంఖ్యను సున్నాతో గుణిస్తే 6 రావాలి. అటువంటి సంఖ్య లేదు. 0 ÷ 0 కు జవాబు కావలసిన సంఖ్యను సున్నాతో గుణిస్తే సున్నా రావాలి. ప్రతి సంఖ్యా అలాంటిదే, కాబట్టి ఒక్కటంటూ లేదు. నిర్వచించకపోవడానికి కారణం మొదటి చోట ఒకటి, రెండవ చోట మరొకటి. ఇది ఏడవ తరగతి పిల్లలు పది నిమిషాల్లో స్వయంగా చేరుకోగల నిర్ణయం, బ్రహ్మగుప్తుడి నియమాన్ని సవరించే నిర్ణయం.

ఇలా అర్థానికి సమయం కేటాయించడంపై ఉపాధ్యాయుల వైపు నుంచి రాగల అభ్యంతరం న్యాయమైనదే: సిలబసు పెద్దది, పరీక్ష దగ్గరిది, అభ్యాసం లేనిదే వేగం రాదు. ఎక్కాలు నోటికి రావాలి. కూడికలు, గుణకారాలు తడబాటు లేకుండా చేయాలి. అందులో సందేహం లేదు. బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ స్కెంప్ 1976లో రెండు రకాల అవగాహనలను వేరుచేసి చూపాడు. మొదటిది నియమం తెలిసి, కారణం తెలియకుండా దాన్ని ప్రయోగించగలగడం. రెండవది ఏం చేయాలో, ఎందుకు చేయాలో రెండూ తెలియడం. మొదటిది త్వరగా ఫలిస్తుందని, వెంటనే మార్కులు తెస్తుందని ఆయన దాచకుండా ఒప్పుకున్నాడు. కాని కారణం తెలియని నియమాలు ఒక్కో పాఠానికి ఒక్కొక్కటిగా పేరుకుపోతాయి, వాటి మధ్య బంధం లేనందున ఒకటి మరిచిపోతే మరొకటి ఆదుకోదు. పక్షాంతరం, అడ్డగుణకారం, గుర్తుల సూత్రాలు విడివిడిగా కంఠస్థం చేసిన విద్యార్థికి పదవ తరగతి గణితం మోయలేని భారంగా ఉండటానికి ఇదే కారణం. కాలం మిగుల్చుకోవడానికి అర్థాన్ని వదిలివేసే పద్ధతి, రెండు మూడేళ్లలో అంతకంటే ఎక్కువ కాలాన్ని మళ్లీ మళ్లీ చెప్పడానికే ఖర్చు చేయిస్తుంది.

రెండు రాష్ట్రాల్లోనూ ఇటీవలి సంవత్సరాల్లో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. గణితం వరకు వాటిలో ఒక మంచి అవకాశం ఉంది: రెండు పుటల్లోనూ మారనివి చిహ్నాలే కాబట్టి, ఒక చిహ్నపు అర్థాన్ని బిడ్డకు తెలిసిన భాషలో పూర్తి వాక్యంగా చదివి, అదే వాక్యాన్ని ఎదుటి పుటలో గుర్తించడం సాధ్యమవుతుంది. ఈ అవకాశాన్ని వాడుకోవాలంటే ప్రతి అధ్యాయం మొదట, ఆ అధ్యాయంలో వాడిన గుర్తులు అక్కడ ఏ అర్థంలో వచ్చాయో రెండు భాషల్లోనూ ఐదారు వాక్యాల్లో చెప్పాలి.

కాబట్టి సంఘాలకు విన్నపం ఇది. ఒకటి, రెండు తరగతుల పుస్తకాల్లో సమాన చిహ్నాన్ని రెండు గుంపులను పోల్చే పాఠంలో, ఎక్కువ, తక్కువ గుర్తుల పక్కన పరిచయం చేయాలి; 7 = 3 + 4, 6 = 6, 2 + 5 = 4 + 3 వంటి వరుసలు, నిజమా కాదా అని అడిగే వరుసలు మామూలు లెక్కలతో సమానంగా ఉండాలి. పక్షాంతరం అనే మాట రావడానికి ముందు రెండు వైపులా ఒకే పని చేసి సమీకరణాన్ని సాధించే అభ్యాసం ఒక పూర్తి విభాగంగా ఉండాలి. అక్షరం పరిచయమయ్యే ప్రతి చోటా అది ఏ సంఖ్యకు బదులు నిలిచిందో రాయించాలి. వీటన్నింటికంటే ముఖ్యంగా, ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లోనూ నమూనా ప్రశ్నపత్రాల్లోనూ అర్థాన్ని అడిగే ప్రశ్నలకు చోటివ్వాలి, ఎందుకంటే పరీక్షలో అడగని విషయం పుస్తకంలో ఎంత చక్కగా రాసినా తరగతి గదిలో నిలవదు. 5 × 60 = 300 + 80 = 380 అన్న వరుసలో తప్పు ఎక్కడుందో చెప్పమనే రెండు మార్కుల ప్రశ్నను ఆరవ తరగతి నమూనా పత్రంలో చేర్చడానికి అదనపు ఖర్చేమీ కాదు; రాబోయే విద్యా సంవత్సరంలోనే దాన్ని చేర్చాలని మనవి.

ఇట్లు,
గణిత విద్య మేలు కోరే ఒక తెలుగు పాఠకుడు